ముప్పై మూడు బారల లోతున ఒక ఏడాది

నేను బోరుబండి మనిషిని. ముప్పై ఏళ్లుగా మా అనంతపురం నేలకి చిల్లులు పెట్టడమే నా బతుకు. వెయ్యి అడుగులు దించినా దుమ్ము తప్ప తడి తగలని రోజులు లెక్కలేనన్ని చూశాను. అలాంటివాడు నీళ్ల గురించి రాయడమేంటని మా బస్టాండు దగ్గర టీ తాగే మిత్రులు నవ్వుతారు. నవ్వుకోండి. వెళ్లొచ్చింది నేను, మీరు కాదు.

వెళ్లింది కోనసీమకి. పని నాది కాదు, మా అక్క కూతురు సుమలతది. సముద్రంలో నీళ్లు ఏ లోతున, ఏ దిక్కుకి, ఎంత వేగంగా నడుస్తాయో చూసే చదువు ఆ పిల్లది. కిందటి ఫిబ్రవరిలో కోనసీమ తీరానికి ఎదురుగా సముద్రం అడుగున ఒక యంత్రాన్ని దించి వచ్చింది. ఏడాదిపాటు అది అక్కడే కూర్చుని నీటి నడక రాసుకుంటుంది. ఈ ఫిబ్రవరిలో వెళ్లి పైకి తెచ్చుకోవాలి. అంతకు ముందేడు దించిన మొదటి యంత్రం అయిపూ ఆజా లేకుండా పోయింది. ఇదీ పోతే మూడోది ఇచ్చేది లేదని, చదువుకి గడువు కూడా లేదని పరిశోధన చేయించే వాళ్ల గైడు తేల్చి చెప్పేశాడట. అంటే అయిదేళ్ల కష్టం అరవై మీటర్ల నీళ్ల కింద ఉందన్నమాట.

తోడు వెళ్లాల్సిన టెక్నీషియన్ స్కూటరు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. "ఒక్కదాన్నే పడవెక్కనిచ్చేది లేదు. నువ్వు పోరా" అని మా అక్క నా మీద పడింది. నాకు ఈత రాదు. ఆ సంగతి అక్కకి బాగా తెలుసు. అయినా పంపింది.

రావులపాలెం

బస్సు దిగేసరికి తెల్లవారింది. కళ్లు నులుముకుని చూస్తే ఎటు చూసినా అరటి గెలలే. లారీల్లో గెలలు, ఆటోల్లో గెలలు, సైకిలుకి అటో గెల ఇటో గెల. మా వైపూ అరటి పండిస్తాం, కాదనను. కానీ డ్రిప్పు పైపులు వేసి చంటిబిడ్డని సాకినట్టు సాకుతాం. ఇక్కడ కాలవ గట్టున ఎవరూ నాటకుండానే లేచి నిలబడేలా ఉన్నాయి చెట్లు.

కొబ్బరి బొండం పాతిక రూపాయలన్నాడు బండి దగ్గరాయన. మా ఊళ్లో యాభై పెట్టి, సగం బొండానికే మురిసిపోతాం. వరసగా మూడు తాగాను. నాలుగోది అడిగితే ఆయన కత్తి పక్కనపెట్టి, "నెమ్మదిగా తాగండి, కంగారేం లేదు. కోనసీమలో ఉన్నవన్నీ ఇయ్యేనండి, ఎక్కడికీ పోవు" అన్నాడు. సుమ మొహం పక్కకి తిప్పుకుంది.

అక్కణ్ణుంచి అమలాపురం బస్సు. రోడ్డు పక్కన కాలవ, కాలవ పక్కన వరి, వరి వెనక కొబ్బరి. మళ్లీ ఇంకో కాలవ. ఒక ఆవిడ కాలవ మెట్ల మీద కూర్చుని రెండే రెండు గిన్నెలు తోముతోంది, ఆవిడ ముందునుంచి మా తాలూకాకి ఏడాది సరిపోయే నీళ్లు పోతున్నాయి. నిజం చెప్తున్నా, నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీదు. కిటికీలోంచి చూస్తూ పళ్లు నూరుకున్నాను.

ఇంకో వింత, దారి పొడుగునా ఒక్క రాయి కనపడలేదు. పక్కసీటు పెద్దాయన్ని అడిగాను. "రాయెక్కడిదండీ ఇక్కడ? అంతా గోదారి తెచ్చిన ఒండ్రే కదండీ. రాయి కావాలంటే బయట్నుంచి తెప్పించుకోవాలి, ఆయ్" అన్నాడు. మా ఊరికొస్తే ఉచితంగా ఇస్తామన్నాను. ఎన్ని లారీలు ఇవ్వగలరని చాలా మర్యాదగా అడిగాడు.

అమలాపురం

మధ్యాహ్నం మెస్సులో ఆవ పెట్టిన పనసపొట్టు కూర వేశారు. మొదటి ముద్దకే ప్రాణం లేచొచ్చింది. అయితే పులుసు తియ్యగా ఉంది. పులుసులో బెల్లమేంటయ్యా అని వడ్డించేవాణ్ణి నిలదీశాను. "బెల్లం లేకపోతే పులుసెలాగవుద్దండీ?" అని వాడే ఆశ్చర్యపోయాడు. సంకటీ ఊరుబిండి పచ్చడీ తినే నాలుకకి ఇదొక పరీక్ష.

తింటూ సుమని అడిగాను. "ఆ మిషన్ చూస్తుందా, కొలుస్తుందా, ఏం చేస్తుంది?"

"వింటుంది మామా" అని ఫోన్లో ఫొటో చూపించింది. ఇనప చట్రం, దాని పైన పసుప్పచ్చ బుడగలు, మధ్యలో లావుపాటి గొట్టం. గొట్టం తల మీద ఎర్రటి గుండ్రటి బిళ్లలు నాలుగు. అచ్చం కళ్లలా ఉన్నాయి.

అవి పైకి శబ్దం పంపిస్తాయట. నీళ్లలో కంటికి కనపడని నలుసులూ, పురుగులూ కొట్టుకుపోతుంటాయి కదా, వాటికి తగిలి శబ్దం వెనక్కొస్తుంది. రైలు మన వైపొస్తుంటే కూత సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినపడుతుందే, అలాగే నలుసు దగ్గరికొస్తుంటే ఒక రకంగా, దూరం పోతుంటే ఒక రకంగా ఆ శబ్దం మారుతుంది. ఆ తేడాని బట్టి నీళ్లు ఎటు పోతున్నాయో రాసుకుంటుంది. అదీ అడుగునుంచి పైదాకా పొరపొరకీ విడివిడిగా.

"పొరలేంటి? నీళ్లన్నీ ఒకవైపే కదా పోయేది?"

"అదే తెలియాలి మామా. ఎండాకాలం ముందు ఈ తీరంలో నీళ్లు ఉత్తరానికి నడుస్తాయి. వానలు వెళ్లాక దక్షిణానికి తిరుగుతాయి. మధ్యలో గోదావరి వరద నీళ్లు మీదొచ్చి పరుచుకుంటాయి. అప్పుడు కింద ఏం జరుగుతుంది? ఎన్నాళ్లకి తిరుగుతుంది? అందుకే ఏడాది మొత్తం కావాలి. ఒక్క కాలానిది దొరికితే లాభం లేదు."

నేల కింద నీళ్లున్నాయో లేవో చెప్పడానికి మేం కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పొలమంతా తిరుగుతాం. నా అక్క కూతురు నీటి నడకని చెవితో విని రాసే దాన్ని సముద్రంలో కూర్చోబెట్టి వచ్చింది. ఎత్తుకుని తిప్పిన పిల్ల. పొగరుగా ఉంటుందని తిట్టిన పిల్ల. ఆ పూట దాన్ని చూస్తే నాకు గౌరవంతో కూడిన భయం వేసింది.

పైకి తెచ్చే ఉపాయం కూడా చెప్పింది. యంత్రం అడుగున ఒక కొక్కెం, ఆ కొక్కేనికి గొలుసుతో బరువు. పడవ మీంచి ఒక రహస్య కూత పంపితే కొక్కెం నోరు తెరుస్తుంది. బరువు కిందే ఉండిపోతుంది, బుడగలు యంత్రాన్ని పైకి తెచ్చేస్తాయి.

సముద్రం ఒడ్డు పల్లె

రాజోలు దాటి ఒడ్డున ఉన్న పల్లెకి చేరాం. ఊరి పేరు రాయను. రాస్తే రేపు మీరంతా బయల్దేరి ఆ ఇంట్లో భోజనానికి కూర్చుంటారు.

పడవ సత్తిబాబు గారిది. నలభై అయిదేళ్లుంటాయి. కొన్నాళ్లు గల్ఫులో పనిచేసి, అక్కడి సముద్రం తనకి పడలేదని తిరిగొచ్చి ఈ పడవ కొనుక్కున్నాడు. పడవలు కుదిర్చే రాజోలు ఏజెంటు ఆయనకి "సర్వే వాళ్లొస్తారు" అని మాత్రమే చెప్పాడట. ఏ సర్వే, ఎక్కడికి, ఏదీ తెలీదు. ఆయన భార్య నాగమణి గారు మాటకారి. నేను చెప్పులు విప్పేలోపే మా ఇంటి సంగతులన్నీ రాబట్టేసింది. ఆయన దానికి పూర్తిగా వ్యతిరేకం. అన్నిటికీ ఒకటే జవాబు, "ఆయ్."

పొద్దున్నే పడవ ముక్కుకి నాగమణి గారు పసుపు రాసి కుంకుమ పెట్టింది. కొబ్బరికాయ కొట్టింది, ఇంకోటి పడవలో పెట్టింది. ఈ పడవలో లైఫ్ జాకెట్టు ఒకటి తక్కువైంది గానీ కొబ్బరికాయ మాత్రం తక్కువ కాలేదు. ఆ తక్కువైంది నాదే కాబట్టి చెప్తున్నా.

నేను పడవ అంచు పట్టుకుని ఎక్కి, "మళ్లీ ఎన్నింటికి వస్తాం?" అన్నాను.

నాగమణి గారు కుంకుమ భరిణె అలాగే పట్టుకుని, "అయ్యో, అలా అడక్కూడదండీ అన్నయ్యగారూ! గంగమ్మతల్లికి గడువు పెట్టినట్టవుద్ది. దిగండి, దిగి మళ్లీ ఎక్కండి" అంది. దిగాను. మోకాలి దాకా నీళ్లలో నిలబడి, మళ్లీ ఎక్కాను. అప్పుడుగానీ సత్తిబాబు గారి పడవ కుర్రాడు ఇంజను స్టార్టు చెయ్యలేదు.

సముద్రం మీద

గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట పడవ ఎగిరెగిరి పడింది. పొద్దున తిన్న ఇడ్లీలు గంగమ్మతల్లికే సమర్పించాను. దాని గురించి ఇంతకంటే రాయను.

తేరుకున్నాక చూస్తే నీళ్ల రంగు మారిపోయింది. ఒండ్రు రంగు కాస్తా ఆకుపచ్చయింది, కాసేపటికి నీలమైంది. వెనక కొబ్బరిచెట్లు సన్నటి గీతయిపోయాయి. ఇటు చూసినా అటు చూసినా నీళ్లే. నిన్న కాలవని చూసి వచ్చిన కోపం ఏమైపోయిందో తెలీదు. దీని ముందు కోపం తెచ్చుకోవడానికి కూడా మనిషి చాలడు. రెండు చేతులూ వాటంతటవే జోడించుకున్నాయి.

సుమ చేతిలోని మిషన్ చూసుకుంటూ "కొంచెం ఎడమకి... ఇంకా" అంటోంది. సత్తిబాబు గారు మొదట బాగానే తిప్పాడు. ఒకచోటికి వచ్చేసరికి తలెత్తి దూరాన ఒడ్డు మీది లైట్‌హౌసుని చూశాడు, పక్కనున్న సెల్ టవర్ని చూశాడు. ఆ రెండూ ఒకదాని పక్కన ఒకటి ఎలా కనపడుతున్నాయో చూసుకుని ఎక్కడున్నారో చెప్పేస్తారు వాళ్లు. "ఇక్కడికాండీ మీరు వచ్చింది?" అన్నాడు. అవునంది సుమ. అంతే, ఆ తరవాత ఆయన నోట ఆయ్ కూడా రాలేదు.

ఇంజను ఆపారు. సుమ ఒక మైకులాంటి దాన్ని తాడుతో నీళ్లలోకి దించి, పెట్టె మీద మీట నొక్కింది. పెట్టెలోంచి చిన్న కూత. తరవాత నిశ్శబ్దం. పడవకి నీళ్లు తగులుతున్న చప్పుడు తప్ప ఏం లేదు.

టింగ్.

కిందనుంచి జవాబు. ఏడాదిగా చీకట్లో, మనిషి అలికిడి లేని చోట ఉన్నది, పిలవగానే పలికింది. నా ఒళ్లు జలదరించింది. "మళ్లీ పిలువు" అన్నాను. మళ్లీ పిలిచింది. టింగ్. ఏటవాలుగా డెబ్బై మీటర్ల దూరంలో ఉన్నానని పెట్టె మీద అంకె చూపించింది. సుమ నా భుజం పట్టుకుని ఊపేసింది. "ఉంది మామా! పోలేదు!"

ఇక రహస్య కూత పంపింది. కొక్కెం తెరుచుకున్నానని జవాబొచ్చింది. అందరం నీళ్ల మీదకి వంగి చూశాం. మూడు నిమిషాల్లో పసుప్పచ్చ బుడగలు తేలాలి.

తేలలేదు. పది నిమిషాలైంది. అరగంటైంది. పిలిస్తే పలుకుతోంది, అడిగితే తెరుచుకున్నానంటోంది, దూరం మాత్రం డెబ్బై మీటర్లే. సుమ కూత మీద కూత పంపింది.

నాకు తెలిసిన కష్టమే ఇది. బోరులో మోటారు పైకి రానప్పుడు తాడు పట్టుకుంటే తెలిసిపోతుంది, ఇసక పట్టిందా, గోడకి తట్టుకుందా అని. "సుమా, నీ కొక్కెం అబద్ధం చెప్పట్లేదు. అది వదిలేసింది. ఇంకేదో పట్టుకుని ఉంది దాన్ని" అన్నాను.

"కింద ఇంకేం లేదు మామా! నేనే కట్టాను కదా" అని అరిచింది. అరిచి, మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. చేతికి అందే దూరంలో ఉండీ రాకపోవడం కంటే ఆ మొదటిదాని లాగా మాయమైపోవడమే నయమంది. మూడు గంటలు అక్కడే తిరిగి వెనక్కొచ్చేశాం. సత్తిబాబు గారు చుక్కాని పట్టుకుని మా మొహాలు చూడకుండా పడవ నడిపాడు.

నాగమణి గారి వరండా

ఆ సాయంత్రం చందువ చేపల పులుసు పెట్టింది నాగమణి గారు. మామిడి పిందెలు వేసి చేసింది. అందులో బెల్లం లేదు. ఆ ఒక్కదానికి ఆవిడకి దణ్ణం పెట్టాను. సుమ మాత్రం అన్నం కెలుకుతూ కూర్చుంది.

"ఏం పాపగారూ, ముద్ద ఎత్తట్లేదు? సర్వే సరిగ్గా అవ్వలేదా?"

సుమ ఫోన్లో ఫొటో చూపించి మొత్తం చెప్పింది. అయిదేళ్ల చదువు అందులో ఉందని చెప్పింది. నాగమణి గారు ఫొటో చూస్తూ చూస్తూ గరిటె కింద పెట్టేసింది. గుమ్మంలో నిలబడ్డ మొగుడి వైపు తిరిగింది.

"చెప్పవేం? నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

సత్తిబాబు గారు వచ్చి నేల మీద కూర్చున్నాడు. "కేసు పెడతారేమోనని భయపడ్డానండి" అన్నాడు. అప్పుడు చెప్పడం మొదలుపెట్టాడు. అదే నేను ఆయన నోట విన్న మొదటి పొడుగాటి మాట.

శ్రావణ మాసంలో ఆయన వల, వాళ్ల బావ (నాగమణి గారి అన్నయ్య) పడవ వల కలిపి లాగుతుంటే ఏదో బరువుగా తగిలిందట. రెండు పడవల వాళ్లూ కలిసి లాగితే కింద గొలుసు తెగి, ఇది వలలో పైకొచ్చింది. ఒళ్లంతా నాచు, నత్తలు. నాచులోంచి నాలుగు ఎర్రటి కళ్లు.

"మాకు గుండె ఆగినంత పనైందండి. మా పెద్దలు చెప్తారండి, వలలో చేప కానిది వస్తే, విగ్రహమైనా దీపపు సెమ్మె అయినా సరే, ఇంటికి తీసుకెళ్లకూడదండి. అది తల్లి సొత్తు. పసుపు కుంకం పెట్టి, పొద్దు గుంకేలోగా ఏ నీళ్లలో దొరికిందో ఆ నీళ్లలోనే అప్పగించాలి. పక్కకి కూడా జరపకూడదు."

అదే చేశారట. పసుపు రాశారు, బొట్టు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. కానీ దించబోతే బుడగల వల్ల మునగట్లేదు. బరువు కావాలి. ఆ సముద్రం మధ్యలో రాయెక్కడిది? తన పడవ లంగరు, వాళ్ల బావ పడవ లంగరు, రెండూ ఇచ్చేశారు. రెండు పడవలూ లంగరు లేకుండా ఇంటికొచ్చాయి.

నాగమణి గారు అందుకుంది. "లంగరు లేకుండా ఎలా వచ్చేవయ్యా, గాలొస్తే ఏమయ్యేది అని ఆ రోజు తిట్టేనండి. తల్లికిచ్చేనన్నాడు. ఇంకేమంటాను?"

సుమ ముందుకి వంగింది. "బరువు కింద కొక్కేనికి కట్టారా?"

"అదేంటండీ పాపగారూ, అది నోరు కదండీ!" అన్నాడు సత్తిబాబు గారు, పిల్ల తప్పు మాట్లాడిందన్నట్టు. "నోటికి తాడెలా కడతామండి? పాపం కాదూ? నడుముకి కట్టేం. ఊడకుండా గట్టి ముడే వేసేం."

నేను ఉండబట్టలేక ఫకాలున నవ్వాను. అడుగునున్న ఆ యంత్రం అన్నిసార్లూ నిజమే చెప్పింది. నోరు తెరిచింది. కానీ దాన్ని పట్టుకున్నది నోరు కాదు. రహస్య కూతకీ, గట్టి ముడికీ మధ్య ఇరుక్కుపోయింది మా పిల్ల ఏడాది. సుమ నవ్వలేదు. సత్తిబాబు గారి చెయ్యి పట్టుకుని, "కేసు లేదు, ఏం లేదు బాబాయ్‌గారూ. అదే చోట పెట్టారా? నిజంగా అదే చోటా?" అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ "ఆయ్" అన్నాడు.

పాతాళ గరిగె

ఇక మిగిలింది నా పని. బావిలో పడ్డ బక్కెట్లు తియ్యడానికి మన ఇళ్లలో ఇనప కొక్కేల గుత్తి ఉండేది, గుర్తుందా? పాతాళ గరిగె. అలాంటిదే పెద్దది చేసి మేం బోర్లలో జారిన మోటార్లు తీస్తాం. రాజోల్లో వెల్డింగు షాపు వెతికి, నేలమీద సుద్దతో బొమ్మ గీసి చూపించాను. వెల్డరు చూసి, "ఏనుగుని పడతారా అండీ?" అన్నాడు. ఎనిమిది కొక్కేలు, మధ్యలో బరువు. మజ్జిగ తాగించి మరీ చేసిచ్చాడు.

మర్నాడు మళ్లీ పడవ. ఈసారి నోరు మూసుకుని ఎక్కాను. లైట్‌హౌసూ టవరూ చూసుకుని సత్తిబాబు గారు పడవ నిలిపితే, సుమ పెట్టె తెరిచి పిలిచింది. టింగ్. సరిగ్గా కిందే ఉంది.

గరిగెని దించి, పడవని చిన్న గుండ్రంగా తిప్పమన్నాను. తాడు నా చేతిలో. మొదటి చుట్టు ఖాళీ. రెండో చుట్టు ఒండ్రులో గీసుకుంటూ పోయింది. అయిదో చుట్టులో తాడు చిన్నగా వణికి, బిగిసింది. ముప్పై ఏళ్లుగా చెయ్యి ఎరిగిన బిగువది. "ఆపు! తగిలింది!" అని కేక పెట్టాను.

పడవ కుర్రాడితో కలిపి నలుగురం లాగాం. అరచేతులు బొబ్బలెక్కాయి. నీలం నీళ్లలో ముందు పసుప్పచ్చగా ఏదో మెదిలింది, తరవాత బుడగలు, వాటి కింద నత్తలు పట్టిన చట్రం, దాని కింద రెండు లంగర్లు. సత్తిబాబు గారు ముందు దణ్ణం పెట్టి, ఆ తరవాతే చెయ్యి వేశాడు. నేనూ పెట్టాను. ఏడాదిపాటు వెలుగు చొరని చోట కూర్చుని, క్షణం కునుకు లేకుండా నీటి నడక విన్నది అది. నేను దణ్ణం పెట్టకపోతే ఎవరు పెడతారు?

మళ్లీ వరండాలో

మంచినీళ్లతో కడిగి, తుడిచి, తీగె తగిలించి సుమ లాప్‌టాప్ తెరిచింది. వీధిలో సగం మంది వరండాలోనే ఉన్నారు. తెర మీద ఏడాది పరుచుకుంది. ఎడమనుంచి కుడికి నెలలు, పైనుంచి కిందికి లోతు. ఉత్తరానికి పోయే నీళ్లు ఎరుపు, దక్షిణానికి పోయేవి నీలం.

సత్తిబాబు గారు కళ్లు చికిలించి చూశాడు. ఒకచోట వేలు పెట్టాడు. అక్కడ పైపొర నీలం, కింద ఎరుపు.

"ఇది గోదారికి ఎర్రనీళ్లొచ్చిన నెల కదండీ?"

"అవునండీ. మీకెలా తెలుసు?" అంది సుమ.

"ఆ రోజుల్లో వల మడత పడిపోయేదండి. పై అంచు ఇటు లాగితే కింది అంచు అటు లాగేది. ఒడ్డున చెప్తే నవ్వేవారు, నీళ్లు రెండు వైపులా పోతాయా అని." గుమ్మం వైపు తిరిగాడు. "నాగమణీ, ఇలా రా. చూడు, రెండు వైపులా పోయేయి."

ఆయన అరచేతులకి తెలిసిందే ఆ యంత్రం చెవికీ తెలిసింది. ఎన్ని తరాలుగా తెలుసో ఆ చేతులకి! ఇన్నాళ్లూ అడిగినవాళ్లు లేరు.

రంగుల మధ్యలో ఒక చోట సన్నటి తెల్ల గీత ఉంది. యంత్రం పడవ మీద ఉన్న అయిదు గంటలవి. ఆ గీత దగ్గరే కథ అడ్డం తిరిగింది. సుమ గైడుకి ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి సంతోషంగా అంతా చెప్పింది. ఆయన మొత్తం విని, ఆ గీత దాకా ఉన్నది మాత్రమే వాడుకోమన్నాడు.

"తరవాతది పనికిరాదమ్మా. ఎవరో వలలోంచి తీసి మళ్లీ పడేసిన యంత్రం ఏ ఒరుగులో పడిందో ఎవరికి తెలుసు?"

"సార్, లోతు అదే చూపిస్తోంది. నిటారుగానే ఉన్నట్టు చూపిస్తోంది. సగం ఏడాదితో నాకు..."

"దెబ్బ తగిలిన యంత్రం తన గురించి తను చెప్పుకుంటే ఎలా నమ్ముతాం? అది అడుక్కి ఎలా చేరిందో చూసిన మనిషి ఉన్నాడా?"

సుమ ఫోన్ తీసి సత్తిబాబు గారి ముందు ఉంచింది. "మీరే చెప్పండి బాబాయ్‌గారూ."

ఆయన లేచి నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఆయ్, నమస్కారమండి. పడెయ్యలేదండి. దించేం." ఫోను ముందే చేతులు తిప్పి చూపించాడు. "నడుముకి మూడు పక్కలా సమానంగా తాళ్లు కట్టేమండి, ఉట్టి కట్టినట్టు. కళ్లు పైకే పెట్టేమండి. తల్లిని మొహం కిందకి పెట్టి దించరు కదండీ. అడుగు తగిలేదాకా తాడు చేతుల్లోంచే వదిలేమండి, బార బారకీ లెక్కెట్టుకుంటూ, ముప్పై మూడు బారలు. తగిలేక కాస్త లాగి చూసేం, సరిగ్గా నిలబడిందని. అప్పుడు తాడు కోసేసేం."

గైడు ముప్పై మూడు బారలని మళ్లీ చెప్పించుకుని, అరవై మీటర్లని లెక్క కట్టుకున్నాడు.

"మా టెక్నీషియన్లు కూడా అంత జాగ్రత్తగా దించరండీ" అన్నాడు గైడు. "సుమలతా, ఏడాది మొత్తం వాడుకో. రెండోసారి యంత్రాన్ని దించిన మనిషిగా ఆయన పేరు రాయాలి. పూర్తి పేరు కనుక్కో."

సుమ పెన్ను తీసింది. సత్తిబాబు గారు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయాడు. నాగమణి గారు ముందుకొచ్చి మొగుడి పూర్తి పేరు ఇంటిపేరుతో సహా చెప్పింది. రెండో లంగరు ఇచ్చిన వాళ్ల అన్నయ్య పేరు కూడా రాయమంది.